దానం పట్టిన సైకిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక సైకిలు ఉండేది. ఉండేదంటే ఏళ్ళ తరబడి కాదు, శ్రావణమాసం వరదకీ ఆ ఏటి దీపావళికీ మధ్యన. సైకిలు కూడా ఒక గొప్పేనా మామ్మా అని మా మనవలు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. యుద్ధం అయిపోయిన కొత్తలవి. గోదారి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న మా పల్లెటూళ్ళో సైకిలున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అలాంటిది మా ఇంటి అరుగు మీద ఒకటి ఆనించి ఉందంటే, ఆ రెండు మూడు నెలలూ నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

నాకు ఊహ తెలియకముందే అమ్మా నాన్నా పోతే మా తాతయ్యా మామ్మా పెంచారు. తాతయ్యది పౌరోహిత్యం. పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ చేయించే పౌరోహిత్యం కాదు. మనిషి పోయిన ఇంట్లో కర్మ చేయించడం, పదకొండో రోజున వాళ్ళిచ్చే దానాలు పట్టడం ఆయన పని. ఆయన లేకపోతే ఊరికి గడవదు. ఆయన ఎదురైతే మాత్రం ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం, వాళ్ళకి నాతో పని పడకూడదనే కదే నా కోరికా, అని నవ్వేసేవారు.

ఆయనకి కుడికాలు బోదకాలు. మా కోనసీమలో ఆ రోజుల్లో అది లేని వీధి లేదు. అమావాస్యకో పున్నానికో జ్వరం వచ్చేది, కాలు దిమ్మలా వాచిపోయేది. పిలుపు వస్తే ఆ కాలు ఈడ్చుకుంటూనే గట్ల వెంబడి నడిచి వెళ్ళేవారు. చావు మన తీరిక చూసుకుని రాదు కదా. తిరిగొచ్చాక మామ్మ వేణ్ణీళ్ళు కాచి ఆ కాలికి కాపడం పెడుతూ, ఎవరినీ అనకుండా అందరినీ తిట్టేది.

ఆ ఏడు శ్రావణంలో గోదారి బాగా వచ్చింది. మా ఊరి రేవు దగ్గర ఒక పెద్ద పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటాయన్ని అందరూ రేవింటి పెద్దాయన అనేవారు. పిల్లలు లేరు, ఆయనా భార్యా ఇద్దరే. రేవు దాటేవాళ్ళు ఎండకీ వానకీ వాళ్ళ అరుగు మీదే కూర్చునేవారు, మంచినీళ్ళు అడిగితే మజ్జిగ ఇచ్చేవారు. వరద పోటుమీద ఉండగా ఆయనకి జ్వరం తగిలింది. రేవు ఆగిపోయింది, అమలాపురం నుంచి డాక్టరు వచ్చే దారి లేదు. మూడు నాలుగు రోజుల్లో మనిషి దాటిపోయాడు.

మామిడికుదురులో ఉండే ఆయన తమ్ముడు వచ్చి తలకొరివి పెట్టారు. అన్నగారంటే ఆయనకి ప్రాణం, అందులో అనుమానమేమీ లేదు. కాకపోతే ఏళ్ళ తరబడి రాకపోకలు తక్కువ. ఆ బాధ వల్లేనేమో, అన్నయ్యకి ఏ లోటూ రాకూడదని పట్టుబట్టి పదకొండో రోజున దానాలన్నీ ఘనంగా ఏర్పాటు చేశారు. వచ్చిన సామాను మోసుకు రావడానికి తాతయ్య నన్ను కూడా తీసుకెళ్ళారు. గొడుగు, చెప్పులు, దుప్పటి, రాగి చెంబు, బియ్యం, కూరలు, అన్నీ ఒక్కొక్కటిగా ఇచ్చారు. పోయినవాళ్ళు వెళ్ళే దారి చాలా దూరమట. ఎండకి గొడుగూ ముళ్ళకి చెప్పులూ అక్కడ వాళ్ళకి అందుతాయని ఇస్తారు. అన్నీ అయ్యాక తమ్ముడుగారు గాదె గదిలోకి వెళ్ళి, గోనెపట్టా కప్పి ఉన్న ఒక సైకిలు నడిపించుకుంటూ తెచ్చారు.

"వయసులో ఉండగా మా అన్నయ్య సైకిలు దిగేవాడు కాదండి. ఆ దారంతా ఆయన్ని నడిపించడం నాకిష్టం లేదు. ఇది కూడా పట్టండి," అన్నారు. అంటూనే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అప్పుడొకటి జరిగింది. లోపలి గదిలో మూల కూర్చున్న రేవింటి అమ్మగారు లేచి గుమ్మం దాకా వచ్చేసింది. కొంగు మొహం మీదికి లాక్కునే ఉంది. చెయ్యి మాత్రం సైకిలు వైపు చాపింది. భర్త పోయిన మనిషి ఆ రోజున అలా మగవాళ్ళ ఎదటికి రాకూడదు. చుట్టాల ఆడవాళ్ళు ఇద్దరు పరుగున వెళ్ళి ఆవిణ్ణి పొదివి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. పాపం, ఆయన తొక్కిన బండి కదా, చూసి తట్టుకోలేకపోయిందని ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా ఏడ్చాను. తమ్ముడుగారు తాతయ్య చేతిలో నీళ్ళు పోశారు, మంత్రం అయింది. సైకిలు మాదైపోయింది.

తాతయ్యకి అప్పటికి అరవై దాటాయి. ఆ వయసులో కాలవగట్టు మీద సైకిలు నేర్చుకున్నారు. వెనకాల పట్టుకునేదాన్ని నేను. పంచె ఎగ్గట్టి, పిలక గాలికి ఎగురుతుంటే, పట్టుకున్నావా వదిలేశావా అని ప్రతి బారకీ అడిగేవారు. రెండుసార్లు తుమ్మ కంపలో పడ్డారు, ఒకసారి మమ్మల్ని చూసి భయపడ్డ గేదె ఆయన్ని కాలవలోకి తోసింది. మామ్మ తల కొట్టుకుంది. కానీ నేర్చుకున్నారు. చిత్రమేమిటంటే, నడిస్తే నొప్పి పెట్టే ఆ కాలు తొక్కుతుంటే నొప్పి పెట్టేది కాదు. పొరుగూరు వెళ్ళి మిట్టమధ్యాన్నానికి ఇంటికొచ్చేసేవారు. ఆ నెల అమావాస్యకి జ్వరం రాలేదు. మామ్మ కాపడం పెట్టే గుడ్డ ఉతికి దండెం మీద ఆరేసి, ఎన్నాళ్ళకి పొడిగా ఉందర్రా ఇది, అని దాన్ని చూసి నవ్వింది. మా ఇంట్లో అంత తేలిగ్గా నవ్విన రోజులు నాకు మరి గుర్తులేవు.

సైకిలు గంట మాత్రం బిగుసుకుపోయి మోగేది కాదు. తాతయ్య దాన్ని విప్పి, కొబ్బరినూనె వేసి, మళ్ళీ బిగించారు. ఇంక చూస్కోండి. ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని వీధిలో వెళ్తుంటే గంట కొట్టే పని నాది. ఇన్నాళ్ళూ మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళినవాళ్ళు కూడా గంట విని బయటికొచ్చి చూసేవారు.

దసరా ముందు ఒక సాయంత్రం అలాగే వస్తున్నాం. ఎదురుగా నెత్తిన బట్టల మూటతో ఒకతను నడిచి వస్తున్నాడు. బండార్లంక వైపు నుంచి రేవు దాటి వచ్చి, తన మగ్గం మీద నేసిన చీరలూ పంచెలూ ఊరూరా తిరిగి అమ్ముకునే అతను. అతన్ని నేనింతకుముందు చూశాను, ఎప్పుడూ సైకిలు మీదే వచ్చేవాడు. గట్టు పక్కకి తప్పుకుని నిలబడి మా సైకిలు వంకే చూస్తున్నాడు. తాతయ్య ఆపారు.

"గంట ఇప్పుడు మోగుతోందాండి?" అనడిగాడు అతను.

తాతయ్య దిగారు. నన్ను కూడా దింపారు. సంగతేమిటో చెప్పమంటే అతను చెప్పడానికి కూడా మొహమాటపడ్డాడు. వరద మొదలైన రోజున ఆఖరి పడవ బయల్దేరుతుంటే, మనుషులు తప్ప సామాను ఎక్కించనని సరంగు అన్నాడట. అలాంటప్పుడు సైకిళ్ళు రేవు దగ్గరి ఇళ్ళలో వదిలేసి, నీళ్ళు తీశాక వచ్చి పట్టుకెళ్ళడం మా వైపు మామూలే. దానికి కాగితమూ ఉండదు, సాక్షీ ఉండడు. రేవింటి పెద్దాయన సైకిలు గాదె గదిలో పెట్టించి, దీని గొడవ నాకొదిలేసి నువ్వెళ్ళి మీవాళ్ళని చూసుకో అన్నారట. ఇంటికెళ్తే మగ్గం గుంటలో నడుంలోతు నీళ్ళు. అవి తోడుకుని మళ్ళీ నాలుగు చీరలు నేసుకుని వచ్చేసరికి పెద్దాయన లేరు. తమ్ముడుగారిని అడిగితే, అది మా అన్నయ్యదయ్యా, నీది కాదు, అనేశారట.

"పోనీ, వచ్చి నన్నెందుకు అడగలేదు?" అన్నారు తాతయ్య.

"తమరికి దానం ఇచ్చేరంటండి. దానమిచ్చింది నేనెలా అడుగుతానండి? ఓసారి చూసుకుపోదామని వచ్చేనండి, ఆయ్."

మూట ఎత్తుకుని రేవు వైపు వెళ్ళిపోయాడు. మెడ నరాలు పొంగి ఉన్నాయి. తాతయ్య ఆ సాయంత్రం సైకిలు ఎక్కలేదు, ఇంటిదాకా నడిపించుకుని వచ్చారు. మర్నాడు పొరుగూరు పిలుపు వస్తే నడిచే వెళ్ళారు. సైకిలు అరుగు మీద ఉండగా ఆయన కాలీడ్చుకుంటూ వెళ్ళడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ బట్టలతను అబద్ధమాడి ఉండొచ్చు కదా అని మామ్మ కూడా ఒకసారి అంది. అని, తనే తల అడ్డంగా ఊపుకుంది.

తాతయ్య రేవింటికి వెళ్ళి తమ్ముడుగారితో మాట్లాడారు. అప్పటికి ఆయన భార్యతో సహా వచ్చి ఆ ఇంట్లోనే దిగారు. ఎంత నెమ్మదిగా ఎత్తుకున్నారో పాపం, పొరపాటున ఎవరిదైనా అయ్యుంటుందేమో బాబూ, ఒకసారి లోపల కనుక్కోండి, అన్నారట. తమ్ముడుగారికి కోపం తన్నుకొచ్చింది.

"మీకిచ్చింది మా గుమ్మంలోకి తిరిగొచ్చిందంటే మా అన్నయ్య సగం దారిలో ఆగిపోయినట్టేనండి. పరాయి సొమ్ము దానం చేసేమని ఊరంతా చాటుతారా?" అన్నారట.

తాతయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు. సైకిలు తీసుకెళ్ళి అతనికి ఇచ్చేస్తే పోలేదా అన్నాను నేను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. చాటుగా ఇస్తే రేపు రేవులో తమ్ముడుగారు అతన్ని నిలబెట్టి, ఇది నీకెక్కడిదిరా అంటారు. దొంగతనం అంటగడతారు. నిజం చెప్పి నలుగురిలో ఇవ్వాలంటే ఆ నిజం తెలిసిన మనిషి ఒక్కరు చెప్పాలి. తెలిసిన మనిషి లోపలి గదిలో ఉంది. ఆవిణ్ణి మగవాళ్ళు వెళ్ళి పలకరించడానికి లేదు. మామ్మ పుణ్యస్త్రీ, ఏడాది తిరిగేదాకా ఆ గదిలోకి వెళ్ళకూడదు. ఇక మిగిలింది, చిన్నపిల్లని కనక అంటూ సొంటూ లేని నేను.

పెరట్లో నిమ్మకాయలు కోసి ఒళ్ళో వేసుకుని వెళ్ళాను. అమ్మగారికి మామ్మ పంపిందంటే తోటికోడలు లోపలికి పంపింది. కిటికీ మూసి ఉంది. చాప మీద గోడ వైపు తిరిగి కూర్చుంది ఆవిడ. పండగలకి నాకు అరిసెలు పెట్టిన మనిషి. చేతులు బోసిగా ఉండి, గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. తాతయ్య అడగమన్నది చెవిలో అడిగాను. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఆ బట్టలబ్బాయిదేనమ్మా. ఆయనే లోపల పెట్టించేరు. గుమ్మం దాకా వచ్చి చెయ్యి చాపేను. నోరు పెగల్లేదు. నా చెయ్యి అందరూ చూసేరమ్మా. ఏంటని ఎవ్వరూ అడగలేదు."

తరవాత అమ్మగారు తోటికోడలికి చెబితే, దానం ఇచ్చేశాక ఇంక నోరెత్తకక్కా, అందట. ఆ తోటికోడలు అది తన భర్త చెవిన వేసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. నేను లేవబోతుంటే అమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాతగారికి నిజం చెప్పమంది, తను చెప్పినట్టు మాత్రం బయటికి పొక్కనివ్వొద్దంది. "ఇంక నేను బతకాల్సింది వీళ్ళ పంచనే కదమ్మా," అంది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. తాతయ్య, "నేనూ చూశానే ఆ చెయ్యి. ఇంతమంది ఇళ్ళల్లో కర్మ చేయించినవాణ్ణి, ముందుగా అడగవలసినవాణ్ణి నేను. నేనూ అడగలేదు," అన్నారు. తెలియనప్పుడు ఆయనకి ఎటూ తోచలేదు. తెలిశాక ఇంకా తోచకుండా పోయింది. దొరికిన నిజం నోరు తెరిచి చెప్పడానికి లేదు.

దీపావళి ముందు రోజు పొద్దున్న తాతయ్య సైకిలు బయటికి తీసి తుడిచారు. చెయిన్‌కి నూనె వేశారు. రేవుకి వెళ్దాం పద, ఏం జరిగినా మాట్లాడకు, అన్నారు. నన్ను ఎక్కించుకోకుండా, నడిచి రమ్మన్నారు. పండగ సామాను కోసం అవతలికి వెళ్ళేవాళ్ళతో రేవు కిటకిటలాడుతోంది. తమ్ముడుగారు అరుగు మీద ఉన్నారు. బట్టలతను అప్పుడే పడవ దిగి మూట నెత్తికెత్తుకుంటున్నాడు. తాతయ్య గంట కొట్టుకుంటూ రేవు వాలులోకి సైకిలు వదిలేశారు. గంట విని అందరూ తిరిగి చూశారు. సరిగ్గా జనం మధ్యకి వచ్చాక చేతులు వదిలేసి బురదలో పడ్డారు.

ఆయన ఎంత చక్కగా తొక్కుతారో చూసినదాన్ని కనక నాకు అర్థమైంది. ఇంకెవరికీ కాలేదు. ముందు అయ్యో అన్నారు, తరవాత నవ్వు మొదలైంది. ఈ వయసులో పంతులుగారికి సైకిలు సరదా ఏమిటని ఒకరంటే, బోదకాలితో సర్కస్ చేస్తున్నారని ఇంకొకరు. తాతయ్య లేచి కూర్చుని, మొహం మీద బురద తుడుచుకుని, ఈ వాహనం నాకు అచ్చిరాలేదయ్యా, దీన్ని చూస్తేనే భయంగా ఉంది, అన్నారు అందరికీ వినపడేలా. అని బట్టలతని వైపు తిరిగి, "నువ్వు మూట మోసుకు తిరుగుతున్నావు. తొక్కగలిగితే పట్టుకుపో నాయనా, నేను మనస్ఫూర్తిగా ఇస్తున్నాను," అన్నారు. తను పట్టిన దానం ఇంకొకరికి ఇచ్చుకోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు. తమ్ముడుగారు కూడా నవ్వారు. ఆయన మొహంలో అంత తేలిక వరద తరవాత నేను చూడలేదు.

అతను సైకిలు లేవనెత్తడానికి వంగినప్పుడు తాతయ్య గొంతు తగ్గించారు. పక్కనున్న నాకే వినపడింది. "నీ వస్తువు నీకిస్తూ నేనిస్తున్నానని చెప్పుకోవలసి వచ్చింది. ఏమీ అనుకోకు. ఇన్నాళ్ళూ తొక్కాను, అది కూడా క్షమించు. ఒక్కటి చెయ్యి. ఈ రేవింటి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా గంట కొట్టు." అతను ఎందుకని అడగలేదు. తాతయ్య పాదాలకి దణ్ణం పెట్టి, మూట వెనకాల కట్టుకుని, ఆ ఇంటి ముందు గంట కొడుతూ వెళ్ళాడు. నేను మూసి ఉన్న ఆ కిటికీ వైపే చూస్తూ నిలబడ్డాను. అది తెరుచుకోలేదు.

ఇంటికి వచ్చే దారంతా తాతయ్య నా భుజం మీద బరువు వేసి నడిచారు. ఆడింది నాటకమే గానీ తగిలిన దెబ్బ నిజమైనది. పడిపోవడం అబద్ధమే కదా తాతయ్యా అని అడిగాను. "అబద్ధమేనే. ఇంతకన్నా నాకు చేతకాలేదు," అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు అదే మొదటిసారి చూడటం. ఆ రాత్రి మామ్మ దండెం మీది గుడ్డ తీసి మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచింది.

తరవాత ఏమైందంటే, చెప్పుకోదగ్గదేమీ కాలేదు. మా అన్నయ్య పేరున ఇచ్చింది బురదలో పడేసి ఎవరికో ధారపోశాడని తమ్ముడుగారికి మెల్లగా కోపం వచ్చింది, మాసికాలకి వేరే ఊరి నుంచి పంతులుగారిని పిలిపించుకున్నారు. తాతయ్య బతికినన్నాళ్ళూ నడిచే తిరిగారు. రేవులో పడ్డ పంతులుగారన్న పేరు ఆయనకి ఉండిపోయింది. బట్టలతను ఒక పంచెల చాపు తెస్తే తీసుకోలేదు. ఏడాది తిరగ్గానే తమ్ముడుగారు ఆ ఇంటికి తాళం వేసి అమ్మగారిని మామిడికుదురు తీసుకెళ్ళిపోయారు. ఆవిణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆ గంట విందో, విన్నా సైకిలు అతనికి చేరిందని తెలుసుకుందో, అడగడానికి నన్నెవరూ పంపలేదు. అతను మాత్రం తాళం వేసిన ఇంటి ముందు కూడా గంట కొట్టుకుంటూ వెళ్ళేవాడు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరింట్లోనైనా మగమనిషి పోతే, పదకొండో రోజుకి నేను ముందుగా వెళ్తాను. హాల్లో కూర్చోను. లోపల ఆవిడెక్కడుందో చూసుకుని పక్కన చేరి, ఇవాళ ఇచ్చేవాటిలో మీవి కానివేమైనా ఉన్నాయా అమ్మా, బయటికి చెప్పాల్సిందేమైనా ఉందా, అని అడుగుతాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందని మా కోడలే అంటుంది. అననీ. చాలామంది ఏమీ లేదండీ అంటారు. అని, నా చెయ్యి మాత్రం వెంటనే వదలరు. వాళ్ళు వదిలేదాకా నేను లేవను.